ఊరి పుంతలు, కాలువ గట్లు కలిపి మండలానికి ఒక నడక, సైకిల్ దారుల పటం: ఎక్కడ మొదలుపెట్టాలి?

పుంతదారి (పశ్చిమ గోదావరి)

మా మండలంలో నడిచేవాళ్లకూ సైకిల్ తొక్కేవాళ్లకూ పనికొచ్చే దారులన్నిటినీ ఒకే పటం మీదికి తేవాలని మేం కొందరం అనుకుంటున్నాం. కొత్త రోడ్లు వేయమని అడగడం మా ఉద్దేశం కాదు. ఉన్నవే చాలా ఉన్నాయి. చేలల్లోకి వెళ్లే పుంతలు, పంట కాలువల గట్లు, చెరువు కట్ట, శ్మశానం దారి, రెండు ఊళ్ల మధ్య పాత అడ్డదారి. ఇవన్నీ విడివిడిగా మిగిలే ఉన్నాయి కానీ ఒకదానితో ఒకటి కలవడం మానేశాయి. ఒకచోట చేపల చెరువు గట్టు పుంతను సగానికి కుదించింది. ఇంకోచోట కాలువ మీది నడక వంతెన కూలిపోతే మళ్లీ కట్టలేదు. మరోచోట తుమ్మ కమ్మేసింది. దాంతో పక్క ఊరి హైస్కూలుకు వెళ్లే పిల్లలు లారీలు తిరిగే తారు రోడ్డెక్కుతున్నారు. తెల్లవారుజామున నడిచే పెద్దవాళ్లకూ ఆ రోడ్డే గతి.

ఏ రికార్డులు చూడాలి, ఎవరి అనుమతి కావాలి, ఇతర ప్రాంతాల్లో దీన్ని ఎలా చేశారు? తెలిసినవాళ్లు వివరంగా రాయండి.

గొలుసు లెక్క (విశ్రాంత సర్వేయరు)

బాబూ, ముందు ఫోనులో మ్యాపు తెరవకండి. గ్రామ పటం తెరవండి. దాంతోపాటు ఆ దారి పక్కనున్న ప్రతి సర్వే నంబరు ఎఫ్‌ఎంబీ (పొలం హద్దులు, కొలతలు గీసిన సర్వే చిత్రం) నకలు తీసుకోండి. మీకు మూడు రకాల దారులు కనిపిస్తాయి. వాటిని ఒకే రంగులో గీశారంటే తర్వాత గొడవలు తప్పవు.

మొదటిది, సొంత సర్వే నంబరు ఉండి అడంగల్‌లో పుంత పోరంబోకు అనో డొంక పోరంబోకు అనో నమోదైన దారి. ఇది ప్రభుత్వ భూమి. ఆక్రమణ జరిగితే కొలిపించి తొలగించమని అడగవచ్చు. పుంత వెడల్పు అంతటా ఒకేలా ఉండదు. అందుకే కంటి అంచనాతో “ఇక్కడిదాకా పుంతే” అని ఎవరితోనూ వాదించకండి. కొలత వచ్చేదాకా నోరు మెదపకపోవడం మంచిది.

రెండోది, పట్టా భూమి మీదుగా తెగ్గీతలతో చూపిన దారి. నేల రైతుది, నడిచే అలవాటు ఊరిది. ఇక్కడ అధికారం చూపితే పని జరగదు, మాట్లాడుకోవాలి.

మూడోది, ఏ పటంలోనూ లేకుండా కాళ్ల కింద మాత్రమే ఉన్న దారి. మనవాళ్లు దీన్నే ఎక్కువగా వాడతారు. ముందుగా పోయేదీ ఇదే.

తెలంగాణ మిత్రులకు ఒక మాట. మీ వైపు నక్షా బాట అన్నది మొదటి రకానికి దగ్గర. గ్రామ నక్షా, టిప్పన్ (సర్వే నంబరు కొలతల చిత్రం), సేత్వార్ (తొలి సర్వే నాటి భూముల రిజిస్టరు) మూడూ పక్కపక్కన పెట్టుకుని చూడండి.

ఇంకొకటి, ఇది అత్యవసరం. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో భూముల రీసర్వే మొదలైంది. మీ గ్రామంలో అది పూర్తయి ఉంటే కొత్త పటాన్ని పాత పటం మీద పెట్టి పుంతలన్నీ వచ్చాయో లేదో చూడండి. ఒక్క పుంత తగ్గినా ఇప్పుడే రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పాలి. పదేళ్ల తర్వాత పాత పటం గురించి మాట్లాడితే వినేవాళ్లు ఉండరు.

ఉప్పునీటి రైతు

నాకు అభ్యంతరం ఉంది. కోపంతో కాదు, అనుభవంతో చెబుతున్నాను. పుంత పోరంబోకు అయితే అది ఊరిదే, కాదనను. కానీ మీ పటం వచ్చాక జనం పుంత దగ్గరే ఆగరు, నా చెరువు గట్టెక్కుతారు. అది నా పట్టా. అక్కడ ఏరియేటర్లకు (నీళ్లలో గాలి కలిపే యంత్రాలు) వెళ్లే కరెంటు తీగలు ఉన్నాయి, మేత బస్తాలు ఉన్నాయి. రాత్రిపూట ఎవరైనా గట్టు మీద తిరిగితే కాపలావాడు ఎవరినని నమ్మాలి? ఒక పిల్లవాడు జారి నీళ్లలో పడితే పోలీసులు నా దగ్గరికే వస్తారు. అన్నిటికన్నా ముఖ్యం, కాలినడకకు అని తెరిచిన దారిలో వారం తిరక్కుండా మోటారు సైకిళ్లు వస్తాయి. ఆ వెనకే ట్రాక్టర్లు. వర్షాకాలంలో ఆ చక్రాల గాళ్లు పూడ్చేది ఎవరు?

పటం గీసేవాళ్లు మమ్మల్ని చివర్లో సంతకానికి పిలవకుండా మొదట్లోనే పిలవాలి.

స్టిర్లింగ్ నుంచి

అన్నా, మీరు అడిగిన ప్రశ్నలే ఇక్కడ స్కాట్లాండ్‌లో భూమి యజమానులు అడిగారు. వాటికి చట్టంలోనే జవాబు రాయాల్సి వచ్చింది. నేను ఉండే చోట జరిగినది చెబుతాను.

2003లో స్కాట్లాండ్ భూసంస్కరణల చట్టం వచ్చింది. దాని మొదటి భాగం ప్రకారం, బాధ్యతగా మెలిగినంత కాలం, ఎవరైనా దాదాపు ఏ నేల మీదైనా, లోతట్టు నీటి మీదైనా తిరగవచ్చు. నడిచి, సైకిల్ మీద, గుర్రం మీద కూడా. 2005 ఫిబ్రవరి నుంచి అది అమల్లో ఉంది. మినహాయింపులు స్పష్టంగా ఉన్నాయి. ఇళ్లు, వాటి చుట్టూ ఉన్న పెరడు ఇందులోకి రావు. పైరు ఉన్న చేను మధ్యలోంచి వెళ్లకూడదు, అంచు వెంట వెళ్లవచ్చు. మోటారు వాహనాలకు ఈ హక్కు అసలు లేదు, వికలాంగుల వాహనాలు తప్ప. ఆ ఒక్క వాక్యం రైతులకు ఎంత ధైర్యమిచ్చిందో మాటల్లో చెప్పలేను.

ఇక్కడ ఆలోచించాల్సిన విషయం మరొకటుంది. ఎక్కడైనా నడిచే హక్కు ఇచ్చాక దారుల పటం ఎందుకు? అయినా అదే చట్టం ప్రతి స్థానిక సంస్థనూ, రెండు జాతీయ ఉద్యానవనాల సంస్థలనూ ముఖ్య దారుల ప్రణాళిక తయారుచేయమని ఆదేశించింది. ఎందుకంటే హక్కు ఉందని తెలిసినంత మాత్రాన మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ కంచె దాటి కొండెక్కదు. ఆవిడకు ఇంటి దగ్గర మొదలై, బురద లేకుండా, గుర్తు పలకలతో, తిరిగి ఇంటికే చేర్చే దారి ఒకటి కావాలి. ప్రాంతమంతటా జనానికి తగినంత వెసులుబాటు కలిగించే దారుల సముదాయం ఏదో తేల్చడమే ఆ ప్రణాళిక పని.

ప్రణాళిక ముసాయిదాను జనం ముందు కనీసం 12 వారాలు ఉంచాలి. అభ్యంతరాలు మిగిలిపోతే విచారణ జరుగుతుంది. ప్రతి ప్రాంతంలో ఒక సలహా వేదిక కూడా తప్పనిసరి. అందులో భూమి యజమానులు, నడిచేవాళ్లు, స్థానికులు, ప్రభుత్వ సంస్థలు అందరూ కూర్చుంటారు. రైతును మొదట్లోనే పిలవాలన్న మీ మాట ఇక్కడ చట్టంలో ఉంది.

లోటు కూడా చెప్పాలి. ముఖ్య దారిని బాగు చేసే అధికారం సంస్థకు ఉంది కానీ చేసి తీరాలన్న విధి లేదు. డబ్బు తగ్గిన ఏడాది కలుపు పెరుగుతుంది. మీరు పటం గీసేటప్పుడే ఏ దారిని ఎవరు చూసుకుంటారో దాని పక్కనే రాసుకోండి.

రెండు చక్రాలు (హైదరాబాద్)

మా అవుటర్ రింగ్ రోడ్డు వెంట సోలార్ పైకప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాకు 2023 అక్టోబరులో మొదలైంది. నాలుగున్నర మీటర్ల వెడల్పు, నీడ, దీపాలు. తొక్కుతుంటే నిజంగా హాయిగా ఉంటుంది. కానీ నా ఇంటి నుంచి దాని దగ్గరికి చేరడమే కష్టం. చాలామంది సైకిల్‌ను కారులో పెట్టుకుని వస్తారు. గొప్ప ట్రాకు ఒకటి ఉండటం వేరు, దారులు ఒకదాన్నొకటి అందుకోవడం వేరు. మీరు ఉన్న దారుల మధ్య తెగిన చోట్లను కలపడంతో మొదలుపెడుతున్నారు. ఆ బుద్ధి మారనివ్వకండి.

గుర్తు పలకల విషయంలో బెల్జియం పద్ధతి చూడండి. లింబుర్గ్ ప్రాంతంలో హ్యూగో బోలెన్ అనే గనుల ఇంజనీరు 1990లలో ఒక ఉపాయం చెప్పారు. దారులకు పేర్లు పెట్టకుండా, దారులు కలిసే ప్రతి కూడలికీ ఒక అంకె ఇచ్చారు. కూడలి దగ్గర పలక మీద పక్క కూడళ్ల అంకెలు, అటు బాణం గుర్తులు, అంతే. కాగితం మీద నాలుగు అంకెలు రాసుకుంటే చాలు, ఎంత దూరమైనా తప్పిపోకుండా తొక్కవచ్చు. నెదర్లాండ్స్ మొత్తం ఆ పద్ధతి పాకింది. మీ మండలంలో లాకులు, చెరువు కట్టలు, రావిచెట్లు ఉన్న కూడళ్లకు అంకెలు ఇస్తే పలకల ఖర్చు చాలా తక్కువ. ఒక దారి మూతపడితే ఆ రెండు కూడళ్ల మధ్య పలకలు మార్చుకుంటే సరిపోతుంది.

బడిగంట

నేను మండలంలో ఉపాధ్యాయురాలిని. పటం గీసే ముందు పిల్లల్ని అడగండి. ఏ తరగతికైనా వెళ్లి, ఇంటి నుంచి బడిదాకా వచ్చే దారిని కాగితం మీద గీయమనండి. కుక్కలు ఎక్కడ వెంటపడతాయో, రోడ్డు ఎక్కడ పరుగెత్తి దాటాలో, ఎక్కడ ఎవరు నిలబడి మాటలంటారో అన్నీ గీస్తారు. ఏ ఇంజనీరు సర్వేలోనూ రాని సంగతులవి.

ఆడపిల్లల గురించి ప్రత్యేకంగా రాస్తున్నాను. మా బడిలో ఎనిమిదో తరగతి దాటిన అమ్మాయిలు పుంత దగ్గర దారైనా రోడ్డు మీదుగానే వస్తారు. తుమ్మపొదల వల్ల ముందు ఎవరున్నారో కనిపించదు. ఇంట్లోవాళ్లు వద్దంటారు. ఆ తల్లుల భయాన్ని తేలిగ్గా తీసుకునే ప్రణాళిక నాకు అక్కర్లేదు. దారికి రెండు వైపులా చూపు ఆనేలా పొదలు కొట్టడం, వంకర తిరిగే చోట మరో దారి ద్వారా బయటపడే వీలు ఉంచడం, సాయంత్రం బడి వదిలే వేళకు చేలల్లో మనుషులుండే దారిని ఎంచుకోవడం, ఇవి మొదటి వరసలో ఉండాలి. దీపాలు ఆ తర్వాత.

చేతిచక్రం

నేను చక్రాల కుర్చీలో తిరుగుతాను. నడక దారి అంటే నాకు ఎప్పుడూ ఒక అనుమానం. మోటారు సైకిళ్లు రాకూడదని దారి మొదట్లో ఇనుప స్తంభాలు దగ్గరదగ్గరగా పాతుతారు. మోటారు సైకిల్ ఎలాగో దూరిపోతుంది, నేను మాత్రం బయటే ఉంటాను. బ్రిటన్‌లో దారి మీది అడ్డుల విషయంలో పాటించే ఒక వరస ఉంది. ఖాళీ సందుతో పని జరిగితే సందే వదలాలి, పశువుల వల్ల కుదరకపోతే గేటు పెట్టాలి, అదీ కుదరకపోతేనే కంచెకు ఎక్కి దిగే మెట్లు. ఆ వరస మీరూ పెట్టుకోండి.

మన దగ్గరా కొలతలున్నాయి. రోడ్ల ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012 మార్గదర్శకాల్లో కాలిబాటకు అడ్డంకులు లేని వెడల్పు కనీసం 1.8 మీటర్లు అన్నారు. ర్యాంపు వాలు పన్నెండు అడుగుల పొడవుకు ఒక అడుగు ఎత్తుకన్నా నిటారుగా ఉండకూడదు. కాలువ గట్టెక్కే చోట ఇది చూసుకోండి. గట్టు మీద ఎంత చదునుగా ఉన్నా ఎక్కే వాలు నిటారుగా ఉంటే ఆ దారి నాకు లేనట్టే. 2025 మేలో సుప్రీంకోర్టు నడవగలిగే కాలిబాట అన్నది రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని చెప్పింది. దరఖాస్తులో ఆ మాట రాయండి.

మండలంలోని ప్రతి దారీ నాకు అందాలని అడగను. ప్రతి ఊరి నుంచీ కనీసం ఒక్క దారి, మొదటి నుంచి చివరిదాకా, ఎవరి సాయం లేకుండా నేను వెళ్లగలిగేది కావాలి.

లాకు మనిషి (నీటిపారుదల శాఖలో పనిచేసి విరమించాను)

కాలువ గట్ల మీద నాలుగు మాటలు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక వచ్చిన డెల్టా కాలువలు సాగుకు ఎంతో పడవలకూ అంతే. పడవలను తాడుతో లాగుతూ మనుషులు గట్టు వెంట నడిచారు. అంటే ఆ గట్లు పుట్టినప్పటి నుంచే నడక దారులు. లాకు దగ్గర కాలువ దాటే వీలు, కూర్చునే చెట్టునీడ ఇప్పటికీ చాలాచోట్ల ఉన్నాయి. కూడళ్లకు అంకెలు ఇవ్వాలన్న సైకిల్ మిత్రుడి ఆలోచనకు లాకులకు మించిన చోటు లేదు.

అయితే గట్టు శాఖ ఆస్తి. పంచాయతీ తీర్మానం ఒక్కటే సరిపోదు, శాఖ నుంచి నిరభ్యంతర పత్రం కావాలి. ఇంజనీర్ల భయాలు తెలిసి అడిగితే పని తేలిక. గట్టును తవ్వి స్తంభాలు పాతుతామంటే ఒప్పుకోరు, గండి పడే ప్రమాదం ఉంది. పూడిక తీసే యంత్రం తిరగడానికి ఒక గట్టు ఖాళీగా ఉండాలి. కాబట్టి రెండు గట్లలో యంత్రం వాడని వైపు అడగండి. పూడిక మట్టిని నడక వైపు పోయకూడదన్న షరతు రాయించుకోండి. లేకపోతే ఏటా మీ దారి మీద మట్టికుప్పలు లేస్తాయి. నడక వంతెన పనులు వేసవిలో కాలువలకు నీళ్లు కట్టేసినప్పుడే చేయాలి. అంచనాలు, మంజూరు చలికాలంలోనే పూర్తికాకపోతే ఆ ఏడాదికి అంతే.

గట్టు మీద సిమెంటు రోడ్డు మాత్రం అడగకండి. అడిగారా, కార్లు వస్తాయి. గ్రావెల్ పరిచి గట్టిగా దిమ్మిస చేస్తే చాలు.

నల్లమల అంచు

మా వైపు పరిస్థితి వేరు. శివరాత్రికి, ఉగాదికి వేలమంది భక్తులు వెంకటాపురం, నాగలూటి, పెచ్చెర్వు, భీమునికొలను మీదుగా అడవిలో నడిచి శ్రీశైలం చేరతారు. తరతరాల దారి అది. కానీ అది పులుల అభయారణ్యం గుండా పోతుంది, పండగ రోజులు దాటితే అటవీ శాఖ అనుమతించదు. ఆ నిషేధం సరైనదేనని నా నమ్మకం. ఏటా కొన్ని రోజులు మనుషులకు, మిగతా ఏడంతా అడవికి.

అందుకే ఒక విన్నపం. పటం మీద ప్రతి దారినీ చూపాలన్న ఉత్సాహం వద్దు. మీ దగ్గర కొల్లేరు వైపు పక్షులు గూళ్లు పెట్టే చోట్లు ఉంటే ఆ నెలల్లో మూసే దారులకు వేరే గుర్తు పెట్టండి, లేదా ఆ దారిని అసలు ప్రచురించకండి. పటం అచ్చయితే జనం వస్తారు. జనం రాకూడని చోటు ఏదో పటం గీసేవాడికి ముందే తెలిసి ఉండాలి.

ఉప్పునీటి రైతు

అందరూ ఓపిగ్గా రాసినందుకు సంతోషం. నా మాట మారింది అనను, షరతులు చెబుతాను. పుంత కొలిపించండి, కొలతలో నా గట్టు లోపలికి వచ్చిందని తేలితే నేనే జరుపుకుంటాను. కానీ నా పక్క రైతులందరికీ అదే రోజు కొలవాలి, ఒక్కడి చెరువు మీదికే రాకూడదు. దారి మొదట్లో మోటారు వాహనాలకు ప్రవేశం లేదన్న పలక పంచాయతీ పేరుతో ఉండాలి, నా పేరుతో కాదు. చెరువు వైపు కంచె ఖర్చు దారి అంచనాలోనే కలపాలి. ఒక సందేహం: ఏ రికార్డులోనూ లేని ఆ మూడో రకం దారులను జనం నడిచారన్న ఒక్క కారణంతో నా నుంచి తీసుకోవచ్చా?

స్టిర్లింగ్ నుంచి

మన చట్టం సంగతి సర్వేయరు పెద్దాయన చెబుతారు. ఇంగ్లండ్‌లో ఏం జరిగిందో చెబుతాను, ఎందుకంటే మీ పటానికి అందులో పెద్ద పాఠం ఉంది. అక్కడ 1949 చట్టంతో ప్రతి కౌంటీ తన దారులను అధికారిక పటంలో నమోదు చేయాల్సి వచ్చింది. పటంలో ఉన్న దారికి తిరుగులేని రుజువు ఉన్నట్టే. ఇరవై ఏళ్లపాటు జనం అడ్డులేకుండా, దాపరికం లేకుండా, అనుమతి అడగకుండా నడిచిన దారిని ప్రజలకు ఇచ్చినట్టే భావించాలని 1980 హైవేల చట్టం చెబుతుంది. రైతు ముందే పటం దాఖలు చేసి, ఇది బాట కాదని ప్రకటించి ఆ భావనను అడ్డుకోవచ్చు. రెండు పక్షాలకూ తలుపు ఉంది.

రుజువు ఎలా? ఊళ్లో పెద్దవాళ్లు ఒక్కొక్కరు ఒక పత్రం నింపుతారు. ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా, ఎంత తరచుగా, ఎక్కడి నుంచి ఎక్కడికి నడిచారు, ఎవరైనా ఆపారా, కంచె ఉండేదా. పటం మీద గీత గీసి సంతకం చేస్తారు. 2000లో వచ్చిన మరో చట్టం నమోదు కాని పాత దారులకు 2026 జనవరి 1 గడువు పెట్టింది. వేలాది దారులు పోతాయని జనం పాత రికార్డుల మీద పడ్డారు. గడువును ముందు 2031కి జరిపారు, ఆపై దాన్నే రద్దు చేస్తామని 2024 డిసెంబరులో ప్రభుత్వం ప్రకటించింది. ఆ హడావుడి మీకు రాకముందే మీ ఊరి పెద్దలను కూర్చోబెట్టి రాయించండి. వాళ్లు పోతే ఆ సాక్ష్యం పోతుంది.

గొలుసు లెక్క (విశ్రాంత సర్వేయరు)

రైతు గారి సందేహానికి. 1882 నాటి సుగమ హక్కుల చట్టం ప్రకారం ఇరవై ఏళ్లు శాంతంగా, బాహాటంగా, ఆటంకం లేకుండా, హక్కుగా నడిచిన మనిషి తన పొలానికి దారి హక్కు కోరవచ్చు. అది అతని పొలానికి దక్కే హక్కు. ఊరందరి దారి అన్నది వేరే వాదన, ఆచారాన్ని కోర్టులో రుజువు చేసుకోవాలి. ఏళ్లు పడుతుంది. రికార్డులో లేని దారి కోసం రైతు మీద దావా వేయమని నేను ఎవరికీ చెప్పను. మూడో రకానికి మీ ఇష్టపూర్వకమైన రాతపూర్వక అనుమతే మార్గం. ఎంత కాలానికి, ఏ షరతుల మీద, ఎప్పుడు వెనక్కి తీసుకోవచ్చు అన్నీ అందులో ఉంటే మీకూ భయం ఉండదు.

పుంతదారి (పశ్చిమ గోదావరి)

అందరికీ నమస్కారాలు. ఇక్కడ రాసినవి అచ్చు తీసి మావాళ్లకు చదివి వినిపించాను. మేం తేల్చుకున్నది ఇది. మండలమంతా ఒకేసారి కాకుండా హైస్కూలుకు చేరే మూడు ఊళ్లతో మొదలుపెడతాం. పిల్లల గీతలు ముందు, గ్రామ పటం తర్వాత, ఆ రెండూ కలిసే చోట్లే మొదటి పని. రైతులతో కూర్చోవడం కొలతకు ముందే. పెద్దల సాక్ష్యం పత్రం తెలుగులో నేనే రాసి ఇక్కడ పెడతాను, దిద్దండి. అక్టోబరు 2 గ్రామసభలో తీర్మానం పెట్టాలని ఉంది. తీర్మానంలో ఏం ఉండాలో సర్వేయరు గారు చెబితే మేలు.

గొలుసు లెక్క (విశ్రాంత సర్వేయరు)

“పుంతలు బాగుచేయాలి” అని రాస్తే అది ఫైలులోనే ఉండిపోతుంది. ప్రతి దారికీ సర్వే నంబరు, ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో, రికార్డు ప్రకారం విస్తీర్ణం, ఇప్పుడు ఎక్కడ తెగిందో రాయండి. మూడు రకాలను మూడు జాబితాలుగా వేరు చేయండి. మొదటి జాబితాకు సర్వే కోరండి, రెండోదానికి రైతుల అంగీకార పత్రాలు జతచేయండి, మూడోది ప్రస్తుతానికి సమాచారం కోసం మాత్రమే అని రాయండి. గట్లున్న భాగానికి నీటిపారుదల శాఖకు వేరే లేఖ పెట్టండి. ఎఫ్‌ఎంబీ నకళ్లు తీర్మానానికే కుట్టి, తహసీల్దారు కార్యాలయంలో ఇచ్చి రసీదు తీసుకోండి. కొలత రోజున నన్ను పిలిస్తే వస్తాను. పాత హద్దురాళ్లు ఎక్కడ పూడిపోయి ఉంటాయో వెతకడం కొత్త కుర్రాళ్లకు చూపించాలి.